పూత రాలిన ఏడు



నాది రెడ్డిగూడెం. ఎన్టీఆర్ జిల్లాలో, మైలవరం నియోజకవర్గంలో ఉంటుంది. మైలవరం దాటి మా వైపు వచ్చారంటే రోడ్డుకు అటూ ఇటూ మామిడి తోటలే కనపడతాయి. బజార్లో నూజివీడు రసాలని అమ్మే బుట్టలో మా కాయ కూడా ఉంటుంది. పేరు నూజివీడుది. కాయ మాది. పోనివ్వండి, ఇవాళ ఆ తగువు పెట్టుకోను.

ఇవి శ్రమల దినాలు. ఈ శుక్రవారం గుడ్ ఫ్రైడే. మా ఊళ్లో గుడ్ ఫ్రైడే ఎప్పుడొచ్చినా కాయ ఇంకా చెట్టు మీదే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా గుడిలో ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. బయట ఎండ మండిపోతుంటుంది. ఉన్నట్టుండి గాలి తిరిగి, కిటికీ రెక్క టప్పున కొట్టుకుందనుకోండి. లోపల కూర్చున్న రైతుల తలలన్నీ ఒక్కసారే బయటికి తిరుగుతాయి. ఈదురుగాలి ఒక్క పావుగంట వీస్తే చాలు, ఏడాది కష్టం నేల మీద దొర్లుతుంటుంది. ప్రసంగం చేసే అయ్యగారికి కూడా ఆ సంగతి తెలుసు. ఆయనా ఒక్క క్షణం ఆగుతాడు.

అలాంటి ఒక ఏడు గురించి చెబుతాను.

కొన్నేళ్ల కిందటి మాట. మా వీధిలో నేను పిన్నీ అని పిలిచే పెద్దావిడ ఉంది. పేరు అక్కర్లేదు. ఆమె కొడుకు నా దగ్గరే ఐదో తరగతి దాకా చదువుకున్నాడు. నేను బడిపంతులుగా చేసి రిటైరయ్యాను లెండి. ఆ అబ్బాయి పెద్దయ్యాక పూత మీద తోట కొన్నాడు. తెలియని శ్రోతల కోసం చెబుతున్నాను. పూత మీద కొనడమంటే, చెట్టుకి పూత మాత్రమే ఉన్నప్పుడు, కాయ ఎంత నిలుస్తుందో ఎవరికీ తెలియనప్పుడు, రైతుకి డబ్బిచ్చి ఆ ఏటి కాపుని తనదిగా చేసుకోవడం. ఆ డబ్బు అప్పు తెచ్చిందే. ఆ ఏడు పొగమంచు వదల్లేదు. తేనెమంచు పురుగు పడింది. పూత మాడి రాలింది. నిలిచిన కాయలో సగం గాలికి పోయింది. మిగిలిన కాయ నున్న మార్కెట్టుకు తోలాడు. రాత్రిపూట తిరిగొస్తుంటే రోడ్డు మీద ప్రమాదం. ఇంటికి రాలేదు.

భూస్థాపన అయిన మూడో రోజు ఆదరణ కూడిక పెట్టారు. వాకిట్లో టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు. అలాంటి చోట మైకు ఉండటం మంచిది కాదని నాకు తర్వాత అర్థమైంది. మైకు చేతికొస్తే మనిషికి ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. ఒకాయన లేచి, తోటమాలి మంచి పూలనే ముందు కోసుకుంటాడన్నాడు. ఇంకొకాయన, దీని వెనక ఏదో మేలుంది, మనకిప్పుడు తెలియదు అన్నాడు. ఇంకొకరు మైకు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, ఇంట్లో కుటుంబ ప్రార్థన తగ్గిందేమో చూసుకోండమ్మా అన్నారు. నా వంతు వచ్చింది. నేనూ ఊరుకోలేదు. బంగారాన్ని కొలిమిలో పెడితేనే కదా మెరుపు వచ్చేది అని మొదలుపెట్టి పది నిమిషాలు చెప్పాను. బాగా మాట్లాడాననే అనుకున్నాను.

పిన్ని అంతసేపూ తల వంచుకునే వింది. చివరి ప్రార్థనకు అందరూ లేవబోతుంటే తల ఎత్తింది. నా వైపు చూసి అంది.

"అబ్బాయ్, మీరందరూ ఆయన తరఫున మాట్లాడుతున్నారు. ఆయన్ని నేనే అడుగుతాను. మీరు మధ్యలో చెప్పకండి."

ఎవరికీ నోట మాట రాలేదు. టీ కూడా తాగకుండా వచ్చేశాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. యోబు గ్రంథం తీశాను. మనం యోబు అనగానే ఓర్పు అంటాం. యోబు అంతటి ఓర్పు ఉండాలి అంటాం. నిజమే, మొదటి రెండు అధ్యాయాల్లో యోబు ఓర్పుగానే ఉంటాడు. ఆస్తి పోయింది. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఒక్క రోజులో పోయారు. ఒళ్లంతా కురుపులు. బూడిదలో కూర్చున్నాడు. అయినా దేవుణ్ణి దూషించలేదు. మన ప్రసంగాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఆ గ్రంథం అక్కడ ఆగదండీ. అది నలభై రెండు అధ్యాయాలు. మూడో అధ్యాయంలో యోబు నోరు తెరుస్తాడు. తెరిచి, తను పుట్టిన రోజునే శపిస్తాడు. అక్కణ్ణుంచి అడగడం మొదలుపెడతాడు. ఎందుకు అంటాడు. నా తప్పేమిటో చూపించు అంటాడు. నాతో వ్యాజ్యానికి రా అంటాడు. దేవుణ్ణి పట్టుకుని, కోర్టుకి రమ్మంటున్నాడన్నమాట.

స్నేహితులు ముగ్గురు వచ్చారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. దూరాల నుంచి కబురు విని బయల్దేరి వచ్చినవాళ్లు. వచ్చి, అతని అవతారం చూసి, గొల్లున ఏడ్చి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీదే కూర్చున్నారు. ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వారం రోజులూ వాళ్లంత మంచి స్నేహితులు ఎక్కడా లేరు. ఎనిమిదో రోజు నోరు విప్పారు. చెడింది అక్కడే. నువ్వేదో పాపం చేసి ఉంటావు, దేవుడు అన్యాయం చెయ్యడు, ఒప్పుకో అన్నారు. అంతా దేవుడి తరఫునే మాట్లాడారు. మేము పిన్ని వాకిట్లో మాట్లాడినట్టే.

చివరికి సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడాడు. ఎందుకు అనే ప్రశ్నకి జవాబు చెప్పాడా? చెప్పలేదు. కొండమేకల గురించి చెప్పాడు. అడవి గాడిద గురించి చెప్పాడు. గుడ్లు నేల మీద వదిలేసి పోయే నిప్పుకోడి గురించి చెప్పాడు. కానీ తీర్పు మాత్రం ఒకటి చెప్పాడు. దయచేసి ఈ తీర్పు జాగ్రత్తగా వినండి. నా గురించి సరిగ్గా మాట్లాడింది నా సేవకుడైన యోబే, మీరు కాదు అని ఆ ముగ్గురితో అన్నాడు. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ల మీద దేవుడికి కోపం వచ్చింది. నిలదీసినవాణ్ణి నా సేవకుడు అన్నాడు. పైగా ఆ ముగ్గురి కోసం యోబే ప్రార్థన చెయ్యాలన్నాడు.

మళ్లీ చెబుతున్నాను, రేడియోలో మాట గాలికి పోతుంది కనుక. సమర్థించినవాళ్లది తప్పు. అడిగినవాడిది ఒప్పు. అడగడం అవిశ్వాసం కాదు. నమ్మకం పోయినవాడు అడగడు. వెళ్లిపోతాడు. అడిగేవాడు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

ఇంకో సంగతి. చివరికి యోబుకి అన్నీ రెట్టింపు వచ్చాయంటాం. గొర్రెలు, ఒంటెలు, ఎద్దులు, గాడిదలు రెట్టింపయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురూ ముగ్గురే. పోయిన పదిమంది తిరిగి రాలేదు. ఆ గ్రంథం రాసినవాడికి ఆ లెక్క తెలుసు. తల్లి అయినవాళ్లకూ తెలుసు. తర్వాత ఎంత మేలు వచ్చినా పోయినవాళ్ల చోటు పోయినవాళ్లదే.

కీర్తనల గ్రంథం తీసుకోండి. అందులో స్తుతి కీర్తనలే ఉంటాయనుకుంటాం. మొర పెట్టేవి కూడా తక్కువేం కాదు. మామూలుగా మొరతో మొదలైన కీర్తన చివరికొచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతుంది. ఎనభై ఎనిమిదో కీర్తన మాత్రం తిరగదు. చీకట్లో మొదలై చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని తీసెయ్యకుండా, చివర ఒక మంచి మాట అతికించకుండా, తరతరాలుగా ప్రార్థనల మధ్యే ఉంచారు. అలాంటి రాత్రులు ఉంటాయని వాళ్లకు తెలుసు.

అంతెందుకు. గుడ్ ఫ్రైడే ఏడు మాటలన్నాను కదా. అందులో నాలుగో మాట ఏమిటి? అది ప్రశ్న. తండ్రిని అడిగిన ప్రశ్న. నన్నెందుకు వదిలేశావని కొడుకు అడిగిన ప్రశ్న. మా గుడిలో ఎవరికి ఆ నాలుగో మాట వంతు పడినా కొంచెం ఇబ్బందిపడుతూనే లేస్తారు. మూడో మాట తల్లిని శిష్యుడికి అప్పగించడం, అది చెప్పడం తేలిక. నాలుగోది తేలిక కాదు. ముందు రోజు రాత్రి గెత్సేమనే తోటలో ఈ గిన్నె తొలగించమని అడిగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాడు. గిన్నె తొలగలేదు. తెల్లారి సిలువ మీద ఎందుకని అడిగాడు. ఆయనే అడిగాడు. అలాంటప్పుడు కొడుకు పోయిన తల్లిని అడగొద్దనడానికి మనం ఎవరం?

మన తెలుగులో మరో సంగతి గుర్తొస్తుంది. గుర్రం జాషువా 1941లో గబ్బిలం కావ్యం అచ్చువేశారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ఊళ్లో అంటరానితనం అనుభవించిన కవి. ఆ కావ్యంలో ఒక దళితుడు తన గోడు చెప్పుకోవడానికి గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపుతాడు. మనిషిని గుడిలోకి రానివ్వరు, గబ్బిలానికి అడ్డు లేదు. చూడండి, అంత అన్యాయం జరిగినా ఆ గోడు పంపింది దేవుడికే. దేవుణ్ణి అడగడం మన భాషకి కొత్త కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పాలి. జబ్బు చేసినవాణ్ణి చూసి, కష్టంలో ఉన్నవాణ్ణి చూసి, నీకు విశ్వాసం చాల్లేదు అనేవాళ్లున్నారు. ఇంట్లో ఏదో పాపం ఉందనేవాళ్లున్నారు. యోహాను సువార్తలో శిష్యులు కూడా అదే అడిగారు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అన్నారు. యేసు ఇతనిదీ కాదు, వాళ్లదీ కాదు అన్నాడు. అని, మట్టి తడిపి కళ్లకు పూసి, వెళ్లి కడుక్కోమని పని చెప్పాడు.

మా పక్క మండలం ఎ.కొండూరు. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బుతో ఎంతమంది బాధపడుతున్నారో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. ఆ జబ్బు గురించి మాట్లాడిన ప్రతిసారీ తాగే నీళ్ల మాట వస్తుంది. కృష్ణా నీళ్లు కావాలని వాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. అలాంటి చోటికి వెళ్లి, డయాలసిస్ చేయించుకుని మంచం మీద పడున్న మనిషితో ఇది దేవుని చిత్తం అని చెప్పే ధైర్యం నాకు లేదు. దేవుణ్ణి అడగాల్సింది దేవుణ్ణి అడుగుదాం. మనుషుల్ని అడగాల్సింది మనుషుల్ని అడుగుదాం. మందులు మానేసి ప్రార్థన చెయ్యమని ఎవరైనా అంటే, దయచేసి వినకండి. ప్రార్థన చేసి మందు వేసుకోండి.

మరి కష్టంలో ఉన్నవాళ్ల దగ్గర మనం ఏం చెయ్యాలి? ఏడు రోజుల స్నేహితుల్లా ఉండాలి. ఎనిమిదో రోజు స్నేహితుల్లా కాదు. మళ్లీ చెబుతాను. ఏడు రోజుల స్నేహితుల్లా.

పాత సంగతి ఒకటి చెబుతాను. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. మన పెద్దలు ధాత కరువు అనేవారు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కనుక. ఒంగోలులో అప్పుడు జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. కలరా, ఆకలి. ఊళ్లకు ఊళ్లు రోడ్డున పడ్డాయి. క్లౌ దొర ప్రసంగాలు పక్కన పెట్టి ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టు తీసుకున్నాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు. జనానికి పని, పనికి కూలి, కూలితో తిండి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు. చెప్పులు కుట్టే చేతులు, పలుగు పట్టే అలవాటు లేని చేతులు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలంతా వాళ్లతో మట్టిలో నిలబడ్డారు. సేద తీరేటప్పుడు పక్కన కూర్చుని కబుర్లు చెప్పారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇది. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. ఆకలితో ఉన్నప్పుడు మనిషి గింజల కోసం ఏమైనా అంటాడు, అది వాడుకోకూడదు అని ఆయన లెక్క. ఏడాదికి పైగా ఆపాడు. గింజలు పంచడం అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు, వెళ్లిపోండి అన్నా జనం వెళ్లలేదు. మాకు గింజలొద్దు, మా వాళ్లు చచ్చిపోయారు, మేమూ చస్తామేమో, అయినా ఇది కావాలి అన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్లలో దిగి ఇచ్చింది దొర కాదు. తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. ఆ అంకె చూసి అబ్బురపడేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఆ రోజు కన్నా, దానికి ముందు కాలువ గట్టు మీద గడిచిన రోజులే పెద్దవిగా కనపడతాయి. ఈ కరువు ఎందుకొచ్చిందో ఆ గట్టు మీద ఎవరు మాత్రం చెప్పగలరు? పక్కన ఉన్నారు. అంతే.

బందరు సంగతీ అంతే. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి సముద్రం వచ్చింది. దాదాపు ముప్పై వేల మంది పోయారు. 1977 దివిసీమ ఉప్పెన చూసినవాళ్లు ఈ కార్యక్రమం వింటుంటే, ఆ రాత్రి ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. బందరులో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ దొర 1841లో వచ్చినవాడు. మళ్లీ ఇంగ్లండు ముఖం చూడలేదు. ఆ ఉప్పెన చూశాడు. ఏడాది తిరక్కముందే బందరులోనే కన్నుమూశాడు. ఆయన బడి తర్వాత నోబుల్ కాలేజీ అయింది. ముప్పై వేల మంది ఎందుకు పోయారో ఆ బడిలో ఏ పాఠంలోనూ చెప్పి ఉండరు. పిల్లలొస్తే తలుపు తీశారు.

మళ్లీ మా పిన్ని దగ్గరికి వస్తాను.

ఆ కూడిక తర్వాత ఆదివారం ఆమె గుడికి రాదేమో అనుకున్నాం. వచ్చింది. ఎప్పుడూ ముందు వరసలో, కీర్తన మొదలుపెట్టేవాళ్లలో ఉండేది. ఆ రోజు వెనక, తలుపు పక్కన చాప మీద కూర్చుంది. పాట ఎత్తుకున్నారు. ఆమె పెదవి కదపలేదు. పై వారమూ అంతే. నెలలు గడిచాయి. వస్తుంది, కూర్చుంటుంది, పాడదు, వెళ్లిపోతుంది. అయ్యగారు మంచివాడు. ఎందుకు పాడటం లేదమ్మా అని అడగలేదు. పక్కన కూర్చున్న ఆడవాళ్లు మాత్రం, ఆమె వంతు కూడా తామే పాడుతున్నట్టు, కొంచెం గొంతు పెంచి పాడేవాళ్లు. నాకు అలా అనిపించిందో, నిజంగానే పెంచారో చెప్పలేను.

ఒకరోజు ఆమె ఇంటికెళ్లాను. మైకు లేదు కదా, ధైర్యం వచ్చింది. తప్పైపోయింది పిన్నీ, ఆ రోజు అలా మాట్లాడాల్సింది కాదు అన్నాను. మజ్జిగ ఇచ్చింది. కాసేపటికి నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఆయన్ని అడిగావా పిన్నీ?"

"రోజూ అడుగుతున్నా."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. వింటున్నాడు."

అంతకు మించి ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పలేదు.

ఆ ఏడు పోయి మరో ఏడు వచ్చింది. ఈస్టరు ముందు మా ఊళ్లో సమాధుల తోట బాగుచేస్తారు. ముళ్లకంప కొట్టేసి, సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, ఆదివారం చీకటితోనే కొవ్వొత్తులతో వెళ్లి ఆరాధన చేస్తారు. సూర్యుడు వచ్చేదాకా పాడతారు. క్రీస్తు లేచాడు కనుక మావాళ్లూ లేస్తారని ఆ పొద్దున మా నమ్మకం. అక్కడ సమాధి పక్కన నిలబడి ఆ మాట నమ్మడం తేలిక కాదు. తేలిక కాదు కనుకే ఏటా వెళ్తాం. ఆ ఏడు పిన్ని కొడుకు సమాధి దగ్గర నిలబడింది. కొవ్వొత్తి గాలికి ఆరిపోతుంటే కొంగు అడ్డం పెట్టింది. పాట ఎత్తుకున్నారు. పాడింది. గొంతు సరిగ్గా రాలేదు. రెండో చరణంలో ఆపేసింది. మళ్లీ పల్లవిలో కలిసింది. అప్పటికీ జవాబు రాలేదండీ. అప్పు కూడా పూర్తిగా తీరలేదు. జవాబు రాకుండానే పాడింది.

శ్రోతలారా, మీలో ఎవరికైనా ఈ ఏడు పూత రాలిపోయి ఉండొచ్చు. తోటలో పూతే కానక్కర్లేదు. ఇంట్లో మనిషి కావచ్చు, ఒంట్లో సత్తువ కావచ్చు, ఏళ్లుగా పెట్టుకున్న ఆశ కావచ్చు. మీరు దేవుణ్ణి అడుగుతుంటే అడగండి. గట్టిగానే అడగండి. ఏడుస్తూ అడగండి. గుడికి వెళ్లి పాడలేకపోతే వెనక చాప మీద కూర్చోండి. ఆ చాప మీద చోటుంటుంది. పూత రాలింది మీకు కాక పక్కింటివాళ్లకైతే, ఈ వారం ఒకసారి వెళ్లి రండి. చెప్పడానికేమీ తీసుకెళ్లకండి. వండిందేదైనా తీసుకెళ్లండి.

పిన్నికి ఇప్పుడు కాళ్లు సరిగ్గా సాగటం లేదు. సమాధుల తోట దాకా ఒక్కతే నడవలేదు. శనివారం పొద్దున్నే సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని రమ్మని నాకు కబురు పెట్టింది. కిందటేడు నేను వేసిన సున్నం చారలు పడిందట. ఈసారి కుంచె తనే పడుతుందట, బకెట్టు మాత్రం నన్ను మొయ్యమంది. వెళ్తున్నాను.

సెలవు.